హాజరు పట్టీలో నా అయిదేళ్ళు

నేను బడికి వెళ్ళింది ఒకే ఒక్క రోజు. కాగితాల ప్రకారం మాత్రం అయిదేళ్ళు, అదీ నాగా లేకుండా. ఇంత బుద్ధిమంతురాలు పాకాల చుట్టుపక్కల మరొకతె ఉండి ఉండదు.

పోలియో వచ్చి మూడో ఏటనే నా కాళ్ళు రెండూ పడిపోయాయి. ఆరేళ్ళు నిండాక మా ఊరి బడి అయ్యవారు ఇంటికొచ్చి నా పేరు రాసుకున్నాడు. డెబ్బైల నాటి మాట. మా ఇంట మజ్జిగ తాగని రోజు లేదాయనకు.

"పాపను మోసుకొచ్చే పని లేదప్పా. సాయంత్రం నేనే ఈడికొచ్చి సెప్తా" అన్నాడు మా నాయనతో.

రెండు సాయంత్రాలు అ, ఆ దిద్దించాడు. మూడోనాటి నుంచి మజ్జిగకు మాత్రమే వచ్చాడు. నేను పలక చూపిస్తే "రేపు మ్మా, రేపు" అనేవాడు. పిచ్చిదాన్ని, నమ్మాను.

ఒకసారి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే అన్న నన్ను వీపున మోసుకుని బడికి తీసుకెళ్ళాడు. పేరు పిలవగానే "హాజరు సార్" అని గొంతు చించుకున్నాను. నా సంతోషం ఇంతా అంతా కాదు. మర్నాడు పొద్దున్నే జడ వేయించుకుని వాకిట్లో కూర్చున్నాను. అన్న సంచి తగిలించుకుని నా పక్క నుంచే వెళ్ళిపోయాడు.

"నీకు ఈపొద్దు బడి లేదంట" అంది అమ్మ. ఆ తర్వాత ఏ పొద్దూ లేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, తిరుపతిలో నాలాంటి పిల్లలకు హాస్టలున్న బడి ఉందని ఎవరో చెప్పారు. నాయన అయ్యవారి దగ్గర రికార్డు షీటు తీసుకుని నన్ను రైలెక్కించాడు. చదువొస్తుందన్న ఆశతో దారి పొడుగునా నేను నోరు మూయలేదు.

అక్కడి పెద్ద మేడమ్ ఆ కాగితం చూసి నొసలు ముడిచింది.

"ఏమప్పా, పాప అయిదు ప్యాసయినట్టు రాసుండాదే. మా బడి అయిదు దాకానే. ఇంకేం సెప్పేది?"

"నాకు చదవడం రాదు మేడమ్. నేను బడికే పోలేదు" అన్నాను.

ఆమె నా చేతికి వాచకం ఇచ్చింది. నేను అ, ఆ దాటలేదు. ఆమె నాయన వైపు తిరిగింది.

"అయితే ఈ కాగితం అబద్ధమా? అట్లని రాసియ్యి. పై ఆఫీసుకు పంపి, ఒకటో తరగతిలో సేర్చుకుంటా."

ఒక్క మాట చాలు. నేను నాయన ముఖంలోకి చూశాను.

"లేదు మేడమ్, బడికి పొయ్యింది. మొద్దు బిడ్డ, అంతే" అన్నాడు నాయన.

తిరుగు రైల్లో నాయన చెప్పుకొచ్చాడు. "పిల్లోళ్ళు తక్కువైతే రెండో అయివారి పోస్టు పోతాదనినారు. అందుకే నీ పేరుండనీ అనుకున్నా. ఏటేటా ప్యాసు సేస్తాడని నాకేం తెల్సు? ఈపొద్దు నిజం సెప్తే అయివారి ఉజ్జోగం పోతాది, ఆ పోస్టూ పోతాది. ఊళ్ళో పిల్లోళ్ళకు ఇంక సదువు యాడుండాది?"

"ఆ పిల్లోళ్ళలో నేను లేనా నాయనా?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత తొమ్మిదేళ్ళకు మా పిన్ని దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన ఆ అయ్యవారిని ఇప్పటికీ నోరారా తిట్టగలను. ఊరివాళ్ళ బాగు కోసం నన్ను మొద్దును చేసిన నాయనను ఏమని తిట్టేది?

ఆ రోజు పాకాలలో రైలు ఆగింది. నాయన ఎత్తుకోవడానికి వంగితే ఆ చేతులు తోసేశాను. మళ్ళీ వంగాడు, మళ్ళీ తోశాను. గార్డు ఈల వేశాడు. నా అంతట నేను దిగలేను కదా. ఆయన మెడ చుట్టూ చేతులు వేశాను.