పుస్తె మీద పంటిగాటు

నా చిన్నప్పుడు, బడికి పోవలసిన ఈడులో, చెల్లెల్ని ఎత్తుకోవడమే నా పని. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. నిరుడు మనవరాలి పక్కన కూర్చుని, దాని పలక మీదే అక్షరాలు దిద్దాను.

ఆ ఏడు చెరకు కొట్టే రోజుల్లో అమ్మ పుస్తె కొండీ అరిగి తెగింది. నాన్న చెరకు బండి తోలుకుని ఫ్యాక్టరీకి పోయాడు, మూడో రోజుకు గానీ రాడు. అమ్మ మెడలో పసుపుకొమ్ము కట్టుకుని, మమ్మల్ని తీసుకుని బాన్సువాడ బస్సెక్కింది. గడియారాలూ నగలూ బాగుచేసే తాత దుకాణంలో పుస్తె ఇచ్చాం. రేపు రమ్మని ఆయన చీటీ రాసిచ్చాడు. అమ్మ చంకలో చెల్లెలు ఉంది. చీటీ నా చేతికిచ్చింది, తిరుగు బస్సులో టికెట్టూ నాకే ఇచ్చింది.

ఊళ్లో దిగగానే, అందరూ చేసినట్టే టికెట్టు నలిపి పారేశాను. గుప్పిట్లో మిగిలింది టికెట్టేనని పక్కింటి అక్క చదివి చెప్పింది. పారేసింది చీటీని. వెనక్కి ఉరికాం. రోడ్డు మీద గాలి తప్ప ఏమీ లేదు.

"ఎల్లుండి నా కొడుకొస్తే ఏం జెప్తవే?" అని నాయనమ్మ అరిచింది. అమ్మ అన్నం ముట్టకుండా పసుపుకొమ్ము పట్టుకుని కూర్చుంది. నన్ను కొట్టినా బాగుండుననిపించింది.

తెల్లవారి మొదటి బస్సుకే పోయాం. దుకాణంలో కూర్చున్న ఒకాయన గోడమీది బోర్డు చూపించాడు. "చీటీ లేకుంటే సామాను ఇయ్యరమ్మా, గా బోర్డుల రాసుంది."

తాత కంటి అద్దం తీశాడు. "నిన్న శానమంది వచ్చిండ్రు బిడ్డా, మొఖాలు యాదికుండయి. నీ పుస్తెకేమన్న గుర్తుందా?"

"పుస్తెలన్నీ ఒక్క తీరే ఉంటయి గదనే," అని అమ్మ ఏడ్చింది.

"దానికి నా పంటిగాటుంది," అన్నాను. పళ్లొచ్చేటప్పుడు నేను దాన్ని కొరికానని నాయనమ్మ ఎన్నోసార్లు దెప్పింది. తాత మూడు పుస్తెలు ముందు పెట్టాడు. వేలితో అంచులు తడిమాను. రెండోదానికి సొట్ట తగిలింది. ఆయన అద్దం పెట్టి చూసి నవ్వాడు.

"చీటీ గీ పుస్తె మీదనే ఉంది గదా, ఇగ ఏడ్చుడెందుకు? సదువు రానోళ్లకు నేను బొమ్మ గీసిస్త. నిన్న పనిల వడి మర్సిన. తప్పు నాదే."

కొత్త చీటీ మీద చిన్న పన్ను గీసి, మళ్లీ వస్తే ఇదే నీ గుర్తని నా చేతికిచ్చాడు. అమ్మ పుస్తెను కళ్లకద్దుకుని అక్కడే దారానికి ఎక్కించుకుంది.

రాత్రంతా నాదేనని కుమిలిన తప్పును, అంత పెద్దమనిషి అందరి ముందూ తనదనడం ఇప్పటికీ మరువలేను. ఇంట్లో చిన్నవాళ్లు ఏదైనా పోగొట్టుకొస్తే, ముందు నేనేం మరిచానో చూసుకుంటాను. ఇప్పుడు బ్యాంకులో వేలిముద్ర వేయను, పేరు రాస్తాను. కానీ నేను మొదట రాసింది నా పేరు కాదు. ఆ మర్నాడు పొద్దున, నాన్న బండి ఊళ్లోకి రాకముందే, పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని, చీటీ చూస్తూ, మా తలుపు పక్క గోడ మీద ఒక పన్ను గీశాను.