పక్కకు పిలిచి ఇచ్చిన చీటీ

మొన్న మా మనవరాలు హనుమాన్ జంక్షన్ దగ్గర స్కూటీ మీద నుంచి పడింది. హ్యాండిల్ పొట్టకు బలంగా తగిలినా ఒంటి మీద గీతైనా పడలేదు, నవ్వుతూనే ఉంది. అయినా డాక్టరమ్మ ఊరుకోక వెంటనే సీటీ స్కాన్ తీయించి, పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోందని తెర మీద చూపించింది. ఆపరేషన్ లేకుండానే కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండి పిల్లను క్షేమంగా ఇంటికి పంపారు. అందరూ సంతోషపడుతుంటే నేను మాత్రం వరండాలోకి వెళ్లి ఒంటరిగా కూర్చున్నాను.

మా తమ్ముడికీ అలాంటి దెబ్బే తగిలింది. అప్పట్లో స్కాన్ అంటే విజయవాడ వెళ్లాల్సిందే. రెడ్డిగూడెంలోని మా మామిడి తోటలో కోతలు జోరుగా సాగుతున్నాయి. పెళ్లయి అత్తవారింటికి వెళ్లినా, కోతల రోజుల్లో పుట్టింటికి రాకుండా నేనుండలేకపోయేదాన్ని. తమ్ముడు లారీకి కాయలెత్తిస్తూ జారి, చెక్కపెట్టె అంచు మీద ఎడమ డొక్క తగిలేలా పడ్డాడు. అన్నయ్య వాణ్ణి నూజివీడులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చి, కండ పట్టేసిందన్నారనీ, మాత్రలిచ్చారనీ చెప్పాడు. నాన్న పోయాక మమ్మల్ని పెంచింది అన్నయ్యే; ఆయన మాటను అనుమానించడం మాకు తెలియదు. మూడో రోజు మధ్యాహ్నం తమ్ముడు అన్నం ముందు కూర్చుని, కళ్లు తిరుగుతున్నాయంటూ పక్కకు ఒరిగిపోయాడు. కారులో విజయవాడ బయల్దేరాం గాని, దారిలోనే నా ఒడిలో చల్లబడిపోయాడు.

పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఆ డాక్టరుగారు కనిపించి, ఆ సంగతి నాకు ముందే తెలుసనుకుని మాట కదిపారు.

"ఆ రోజే సీటీ స్కాన్ తీయించమని చీటీ రాశానమ్మా. కుర్రాడు బెదిరిపోతాడని మీ అన్నయ్యగారిని పక్కకు పిలిచి ఇచ్చాను. మీరెందుకు వెళ్లలేదో నాకిప్పటికీ తెలీదు."

మర్నాడే వెళ్లి అన్నయ్యను అడిగాను.

"వాడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. కోత అయ్యాక తీసుకెళ్దామనుకున్నానే."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆగేదానివా?"

ఆగేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఇప్పుడు పొట్టలో ఏముందో కాసేపట్లోనే తేలిపోతోంది. మా తరంలో ఇంటి పెద్ద ఏం చెబితే అదే వైద్యం. ఇప్పటి పిల్లలు రిపోర్టు తామే చదువుకుంటారు, పెద్దవాళ్లను నిలదీస్తారు, అది చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. అయినా అన్నయ్య చెప్పాడంటే చాలనుకుని నిశ్చింతగా నిద్రపోయిన ఆ రోజుల మీద బెంగ మాత్రం తీరలేదు. నిరుడు ఆయన పోయినప్పుడు చాలా ఏడ్చాను. అది ఆయన కోసమో, తమ్ముడి కోసమో, ఏమీ తెలియక ఆయన్ను ప్రేమించిన ఆ పదేళ్ల కోసమో ఇప్పటికీ చెప్పలేను.