మాడిన పెనం, ఆగిన కారు

మొన్న అనకాపల్లి బజారులో ఎవరింట్లోనో పాకం మాడింది. ఆ చేదు వాసన తగలగానే నా కాళ్లు నడిరోడ్డు మీదే ఆగిపోయాయి. వెనక ఆటోవాడు తిడుతున్నా పట్టలేదు. లోకమంతటికీ అది మాడు వాసన, నాకు మాత్రం మా పిన్ని పెళ్లి.

మాఘమాసం వస్తే, చెరుకు నరికి, గానుగాడి, రసం పెద్ద పెనంలో మరిగించే రోజుల్లో మా తాత బెల్లం పాకలోనే తిని అక్కడే పడుకునేవాడు. పిప్పి పొగకి కళ్లు మండుతున్నా, పాకం కాస్త నీళ్లలో వేసి ఉండకట్టి చూసి, "దించండ్రా" అనే అధికారం ఆయనొక్కడిదే. ఇంట్లోనూ అంతే. పిన్నిని రోలుగుంట సంబంధానికి ఇస్తున్నాను, రేపే తాంబూలాలు అన్నాడు. పిన్ని మనసేమో మేనబావ సూరి మీద. సూరి ఓ పాత సినిమా మిషను వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. "దుక్కి దున్నని ఎదవకి పిల్లనియ్యను" అన్నాడు తాత, సొంత చెల్లెలి కొడుకని కూడా చూడకుండా.

ఆ మధ్యాహ్నమే సూరి మిషనుతో పాకలోకి దిగాడు. ఎంత ధైర్యం! చీకటి కోసం చుట్టూ టార్పాలిన్లు కట్టి, మిషనుని గానుగ మోటారు కరెంటుకి తగిలించి, పంచెని తెరగా కట్టి బొమ్మ వేశాడు. ఊరంతా వచ్చి కూచునేసరికి తాత వెళ్లగొట్టలేకపోయాడు. మాటల్లేని కాలం నాటి దొరల బొమ్మ: కార్ల పందేల కుర్రాడు, వాడి మీద మనసుపడ్డ పిల్ల, పందెం గెలిస్తేనే పిల్లనిస్తానని భీష్మించుకున్న బట్టతల తండ్రి. వీధినాటకాలు మరిగిన మా ఊరివాళ్లు మౌనం భరించలేరు, బొమ్మలో మనుషులకి మాటలు తామే అందిస్తారు. కుర్రాడికి సూరి చెప్పాడు. తండ్రికి తాతే చెప్పాలని అందరూ పట్టుబట్టారు.

"ఇయ్యనంటే ఇయ్యను. పో" అని పెనం దగ్గర్నుంచే కసిరాడు తాత. జనం విరగబడి నవ్వారు.

అప్పుడు తెర మీద పిల్ల పెదాలు కదిలాయి. ఆడవాళ్ల మధ్య నుంచి పిన్ని గొంతు లేచింది. "నన్నో పాలి అడిగేవా, నాన్నా?"

అమ్మ నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. తాత తల తిప్పలేదు. ఈలోగా పందెం మొదలైంది. కారు బురదలో జారి, కోళ్ల గంపల్లోంచి దూసుకెళ్లి, గట్టు మీద ఒరిగి లేస్తుంటే, పొయ్యిలో పిప్పి ఎగదోసేవాడు వచ్చేశాడు, తాత కూడా గరిటె వదిలి తెర ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆఖరి మలుపులో రీలు ఫట్‌మని తెగింది. ఆ చీకట్లో గుప్పున మాడు వాసన.

టార్పాలిన్లు పీకి చూస్తే పెనం నిండా నల్లటి మాడు. తాత జీవితంలో అలాంటిది జరగలేదు. ఆయన గరిటెతో మాడు గీకి చూసి, "ఎవుడు గెలిసేడ్రా?" అన్నాడు.

"తెలీదు మావా. ఆపైన ఆకరి ముక్క నాను కొన్నప్పుడే లేదు" అన్నాడు సూరి, తెగిన రీలు కొస చుట్టుకుంటూ.

తాత పెనంకేసి చూశాడు, పిన్నికేసి చూశాడు. "నాను సూడకే పాకం మాడింది. పిల్లకేసి కూడా సూడకపోతే నాకింకేటి మిగుల్తాది? రోలుగుంటోళ్లకి కబురెట్టండి, రావద్దని."

ఇప్పుడా పాక లేదు, ఆ చెరుకు మళ్లు ఇళ్ల స్థలాలయ్యాయి, పెనం తుక్కు కింద పోయింది. సూరి బాబాయి నిరుడు పోయాడు. నా మనవరాలు ఎక్కడ వెతికిందో, ఆ బొమ్మ మొత్తం ఫోన్లో పట్టుకుంది. సంబరంగా సబ్బవరం తీసుకెళ్లి పిన్నికి చూపించాను. అదే బురద, అవే కోళ్లు. కారు ఆఖరి మలుపు దగ్గరికొచ్చేసరికి పిన్ని అరచేత్తో ఫోను మూసేసింది.

"ఆపెయ్యే. ఆయన ఎవుడు గెలిసేడో తెలీకుండానే ఎల్లిపోయేడు. నానొక్కదాన్నీ సూసి ఏటి సేసుకోను?"

ఆపేశాను. ఇంటికొచ్చాక నేనూ చూడలేదు.