రేలకాయ చింతకు చుట్టమే

మా అక్క కూతురు చిన్మయికి ఏడేళ్లు. విజయవాడ అపార్టుమెంటులో పెరిగింది కదా, చిక్కుళ్లు ప్యాకెట్లలోనే కాస్తాయనుకుంటుంది. కాయల చెట్లన్నీ చూపిస్తాను, ఒక్క రోజు పిల్లను నాతో పంపమని అక్కను అడిగాను. అక్క వంద జాగ్రత్తలు చెప్పి పంపింది.

ఎండ ముదరకముందే తిరగాలని ఆరున్నరకల్లా బయలుదేరాం. కారు అద్దె రోజుకు రెండున్నర వేలు. గన్నవరం దాటాక ఇడ్లీ తిని, హనుమాన్ జంక్షన్‌కు ముందు ఒక పల్లె దారిలోకి తిరిగాం. అక్కడ తురాయి, కానుగ, నిద్రగన్నేరు వరసగా ఉన్నాయి. ఎండిన తురాయి కాయలతో పిల్ల, డ్రైవరు సుబ్బారావు గారు కత్తియుద్ధం చేశారు. కానుగ గింజ నోట్లో పెట్టకూడదని చెప్పాను. రేలచెట్టు దగ్గర మాత్రం మూరెడు నల్లకాయ పగలగొట్టి, గుజ్జు చూపించి, "ఇవన్నీ చింతచెట్టుకి చుట్టాలే" అన్నాను. పాఠం భలే చెప్పానని మురిసిపోయాను కూడా.

నిద్రగన్నేరు ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చేసరికి పిల్ల పెదవులు, పళ్లు నల్లగా ఉన్నాయి.

"ఏం తిన్నావే?"

"తియ్యగా ఉంది పిన్నీ. చింతకి చుట్టమన్నావుగా."

రేల గుజ్జు విరేచనాల మందని తెలుసు. ఎంత తింటే ప్రమాదమో తెలియదు. గింజలు నమిలావా అంటే బిక్కమొహం వేసింది.

"ఉప్పునీళ్లు పట్టిద్దామండీ, కక్కేస్తే పోద్ది," అన్నారు సుబ్బారావు గారు.

"వద్దండీ, జంక్షన్‌లో డాక్టరు దగ్గరికి పోనివ్వండి."

మిగిలిన కాయముక్క చేతిలో పట్టుకుని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. దారిలోనే కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. అక్క ఫోను మోగుతోంది. ఎత్తే ధైర్యం లేకపోయింది. ఈ పిల్లకేమైనా అయితే అక్క మొహం ఎలా చూడాలి?

డాక్టరు గారు కాయముక్కను తిప్పి చూశారు. "రేలేనని రూఢిగా తెలుసాండీ?"

"తెలుసండీ, నేనే కోసిచ్చాను."

"అయితే నయమే. ఏం తిందో తెలిసింది. విరేచనాలవుతాయి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి."

మధ్యాహ్నానికి పిల్ల తోటకూర కాడలా వాడిపోయింది. కళ్లు మూస్తే భయం, పలకకపోతే భయం. చెంచాతో ఓఆర్ఎస్ పడుతూ, కనపడని దేవుళ్లందరికీ మొక్కాను. చివరికి అక్కకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క "ఫోను దానికివ్వు," అంది. చిన్మయి నీరసంగా, "అమ్మా, రేలకాయ తినకూడదంట," అని చెప్పింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఈ దారిన పిల్లలతో వెళ్లేవారికి ఒక్క మాట. ఏ కాయ తిన్నా బలవంతంగా కక్కించకండి. మిగిలిన ముక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఇక నా సంగతంటారా, చెట్ల పేర్లు చెప్పడం నాకు ఇష్టమైన పని. నా మాటను ఒక పిల్ల ఇంతగా నమ్ముతుందన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం తిరిగొస్తుంటే గన్నవరం దగ్గర ఒకావిడ రోడ్డు పక్కన సీమచింతకాయలు అమ్ముతోంది. చిన్నప్పుడు జేబుల నిండా నింపుకుని తిన్న కాయలే.

"పిన్నీ, ఇవి తినొచ్చా?" అంది చిన్మయి.

"తియ్యగుంటాయమ్మా, తిను," అందావిడ.

"ఇంటికెళ్లి మీ అమ్మనడుగు," అన్నాను.