బీరువా వెనక పెట్టెలు

బట్టల ఫ్యాక్టరీలో సూదులు, దారాలు, జిప్పులు ఉండే స్టోరును పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నది యజమాని మేనమామ. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన మామయ్యే. ఇప్పుడు సరుకు లెక్క చూసుకుని, తగ్గినప్పుడల్లా నింపే పని కూడా సరఫరా చేసే కంపెనీకే అప్పగించాలా వద్దా అని మేనల్లుడు ఊగిసలాడుతున్నాడు. అప్పగిస్తే మామయ్యకు పని ఉండదు.

కంపెనీ మనిషి సరుకు చూడటానికి వచ్చి, పుస్తకంలో ఎక్కని పదకొండు పెట్టెలను బీరువా వెనక నుంచి లాగాడు.

“ఇవేంటి మామయ్యా?” అన్నాడు మేనల్లుడు.

“సరుకు ఆలస్యమైతే మిషన్లు ఆగకూడదని దాచానురా. ఇన్నేళ్లలో ఒక్క పూటైనా ఆగాయా?”

“మేమూ కొంత ఇలాగే అట్టేపెడతాం సార్,” అన్నాడు కంపెనీ మనిషి.

“మీరు పెడితే ముందుచూపు. మా మామయ్య పెడితే చేతివాటం,” అని మేనల్లుడు నవ్వాడు. కుడుతున్నవాళ్లలో కొందరు తలెత్తి చూశారు.

మామయ్య జేబులోంచి స్టోరు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“అమ్మకి మాత్రం ‘ఓపిక లేక నేనే మానేశాను’ అని చెప్పు మామయ్యా,” అన్నాడు మేనల్లుడు. “ అసలే గుండె జబ్బు మనిషి. నిన్ను నేను పంపించానంటే తట్టుకోలేదు.”

అక్క కోసం మామయ్య తలూపాడు.