అర శ్రుతి దించమన్నది నేనే

ఆత్మకూరు నాటకంలో శ్రుతి తప్పింది మా మామ వల్ల కాదు, నా వల్ల. ఈ ఒక్క మాట ఆ రోజే అందరి ముందూ అనాల్సింది. అనలేదు. పోయిన నెల మద్రాసులో ఒక జపాను విద్వాంసుణ్ణి చూడకపోయివుంటే ఇప్పటికీ అనేవాణ్ణి కాదేమో.

నా బట్టల కొట్టుకు సరుకు కోసం వెళ్తే, మాకు సరుకిచ్చే షావుకారు తనకెవరో ఇచ్చిన టిక్కెట్టు నా చేతిలో పెట్టి కచేరీకి పొమ్మన్నాడు. తనకు ఆ సంగీతం వింటే నిద్రొస్తుందట. మా చిన్నతనంలో జపానంటే బాంబుల భయం, ఆ తర్వాత సంతలో అమ్మే సెల్యులాయిడ్ బొమ్మలు. అంతకు మించి నాకేమీ తెలియదు. వేదిక నిండా వయొలిన్లు, బాకాలు, మధ్యలో మూత తీసిన పెద్ద పియానో. నా ఈడువాడే ఒకాయన వచ్చి మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కుడిచేత్తో వాయిస్తూనే ఎడమచెయ్యి పైకెత్తి అందరినీ నడిపిస్తున్నాడు. రెండు చేతులూ పియానో మెట్ల మీద ఉన్నప్పుడు గడ్డం ఎగరేస్తాడు. ఆ గడ్డం లేస్తే వయొలిన్లన్నీ లేస్తాయి. పక్క కుర్చీలోని పెద్దమనిషి, గేటు దగ్గర పంచిన కాగితం చదివి ఆయన సంగతి చెప్పాడు. యుద్ధంలో ఇల్లు కాలి పియానో పోతే, కుర్రవాడుగా ఉన్న ఆయన చెక్క మీద మెట్లు గీసుకుని వేళ్ళు ఆడించేవాడట. తర్వాత ఐరోపా వెళ్ళి, ముందు పియానోతో, ఆ పైన వాద్యబృందాలను నడిపి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడట. రెండు పనులూ ఒక్కడే చెయ్యడం ఎంత గొప్పో చూడండి అన్నాడు. ఆ గడ్డం ఎగరెయ్యడం నాకు కొత్త కాదు. ఉదయగిరిలో చూశాను.

మా మామ, అంటే మా నాయన చెల్లెలి భర్త, ఉదయగిరి నాటక సమాజంలో హార్మోనియం వాయించేవాడు. దాన్ని అందరం పెట్టె అనేవాళ్ళం. వాయించడమే కాదు, నాటకం నడిచేది ఆయన సైగ మీదే. కాళ్ళతో గాలితిత్తి తొక్కుతూ, చేతులతో వాయిస్తూ, పద్యం మరిచినవాడికి మొదటి మాట అందించేవాడు. తబలా ఆయన కునికితే మోచేత్తో పొడిచేవాడు. చప్పట్ల కోసం రాగం లాగే రాజుగారిని గడ్డం ఎగరేసి లోపలికి తోలేవాడు. ఆ రాజుగారి వేషం నాదే. "అల్లుడా, నీ రాగం జలదంకి దాటిపోయింది. ఇంక తిరిగి రారా" అనేవాడు రిహార్సల్లో. వేసవి సాయంత్రాలు కొండరాళ్ళ వేడి ఊళ్ళోకి దిగుతుంటే, మా అత్త వేయించిన శనక్కాయలు నములుతూ ఆయన ఇంటి ముందు కూర్చుని పాడేవాళ్ళం. ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. మామకు ఒకటే ఆశ, మద్రాసులో పెద్ద నాటక కంపెనీలో చేరాలని. ఆ కంపెనీ ఏజెంటు మా నాటకం చూడటానికి ఆత్మకూరు వస్తున్నాడని తెలిసి, అత్త మామ చొక్కాకు గంజి పెట్టి, ఎండలో ఆరేసి, కాకి వాలకుండా పక్కనే కాపలా కూర్చుంది.

మాలో ఒక పద్ధతి ఉండేది. పద్యం ఎత్తుకునే ముందు మామ ఒక మెట్టు నొక్కి శ్రుతి నిలిపేవాడు. అది చెవిలో పడ్డాకే నటుడు నోరు తెరవాలి. ఆ రోజు నా గొంతు బొంగురుపోయింది. తెర వెనక, "ఈ పొద్దు అర శ్రుతి దించు మామా" అని అడిగాను. సరేనన్నాడు. నేను వేదిక మీదికి రాగానే, చేజర్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం ఈలలు వేశారు. ముందు వరసలో ఏజెంటు నవ్వాడు. ఆ పొంగులో దించమన్న సంగతీ మరిచాను, చెవి పెట్టడమూ మరిచాను. రోజూ పాడే పై శ్రుతిలోనే అందుకున్నాను. మామ నన్ను కలుపుకోవడానికి పైకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పొరపాటు తెలిసి నేను కిందికి దిగాను. సన్నసందులో ఎదురుపడి, దారి ఇవ్వబోయి ఒకే పక్కకు జరిగే ఇద్దరిలాగా ఆ పద్యమంతా గుద్దుకున్నాం. జనంలో ఎవరో, "పెట్టె మూసుకోని ఇంటికి పో సామీ" అన్నారు. అందరూ నవ్వారు.

నాటకం అయ్యాక ఏజెంటు నా భుజం తట్టి, గొంతు బాగుందనీ, పెట్టె వాయించే ఆయన చేతికే నిలకడ లేదనీ అందరూ వినేటట్టు అన్నాడు. మామ అక్కడే హార్మోనియానికి గుడ్డ చుడుతున్నాడు. తల ఎత్తి నా వంక చూశాడు, నేను చెప్తానని. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

కంపెనీ నన్ను తీసుకుంది. ఏడాది తిరక్కముందే గొంతు పోయి, వెనక్కి వచ్చి ఆత్మకూర్లో బట్టల కొట్టు పెట్టుకున్నాను. మామను మళ్ళీ ఏ సమాజమూ పిలవలేదు. ఉదయగిరిలో బస్సులు ఆగేచోట సోడా కొట్టు పెట్టాడు. ఎప్పుడైనా వెళ్తే, గిరాకీ లేని వేళ బల్ల మీద ఆయన వేళ్ళు కదులుతూ ఉండేవి. నేను బస్సుల వంక చూసేవాణ్ణి. మద్రాసులో ఆ పెద్దమనిషి చెక్క మీద గీసిన మెట్ల సంగతి చెప్తున్నప్పుడు నా కళ్ళ ముందున్నది ఆ బల్లే.

సరుకు లారీకి వేయించి, ఇంటికి పోకుండా ఉదయగిరి బస్సెక్కాను. మామ సోడా కొట్టి చేతికిచ్చాడు. జపాను ఆయన సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, "తిత్తి తొక్కే పని లేదు గదా ఆయనకు, సుఖపడినాడు" అన్నాడు. అప్పుడు బయటపెట్టాను. ఆ రోజు తప్పు నాదేనని, నోరు విప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పని.

ఆయన సీసాలు సర్దుతూనే ఉన్నాడు. "నాకు తెలవందా అది? దించింది నేనే గదా" అన్నాడు. గొంతు తగ్గించి, "మీ అత్తకు తెలవదు. నా చెయ్యే తప్పిందనుకుంటా ఉండాది. ఆమె అన్న కొడుకువి. నీ మీద నేనేం చెప్పేది?" అన్నాడు.

కొట్టు వెనకే ఇల్లు. మూలన గోనెపట్టా కప్పిన హార్మోనియం. అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చోలేదు.

"అత్తా, ఆత్మకూర్లో తప్పింది మామ చెయ్యి గాదు. శ్రుతి దించమన్నది నేను, మరిచిపోయి పైన ఎత్తుకున్నది నేను, ఆయన్ని అంటావుంటే గమ్మున ఉన్నది నేను. నన్ను క్షమించు."

ఆ మాటలు అనడానికి పొయ్యి మీద పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ మాటలు చేరని ఆ ఇంట్లో ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది.