ఇసాకు సరంగు రెండు గుర్రాల ఇంజను

సవాగుచి ఇసాకు చెప్పిన కబుర్లన్నీ కోసి ఎండబెడితే, ఉత్తర జపానులోని రుమోయ్ తీరం మొత్తానికి చలికాలం గడిచిపోయేన్ని ఎండుచేపలవుతాయి. ఒకసారి ఆయన గాలానికి పడ్డ చేప పడవని ఈడ్చుకుంటూ రష్యా నీళ్ళదాకా పోయిందట. అక్కడి కాపలావాళ్ళు పట్టుకోవడానికొచ్చి, ముందు చేపని చూసి, దానికి సెల్యూట్ కొట్టి, పడవని వదిలేశారట. పద్నాలుగో ఏట బడి మానేసింది కూడా తన తప్పేం కాదట. సముద్రం ఎంత లోతో లెక్కల మాస్టారు చెప్పలేకపోయాడట. "అంత తెలీనివాడి దగ్గర ఇంకేం నేర్చుకోను?" అనేవాడు.

వాటిలో నిజం పాలు ఎంతన్నది రేవులో ఎవరూ తేల్చలేదు గానీ, ఒకటి మాత్రం నిజం. యాభై రెండేళ్ళు ఆయన పడవ ఒక్క రాయికీ తగల్లేదు.

ఆ పడవ ఇప్పుడు లేదు. రెండేళ్ళ కిందట ఇసాకు చూపులో నడిమధ్య ఒక మసక మొదలైంది. అంచులు కనబడతాయి, నడుమ కనబడదు. రేవు గట్టు కనబడుతుంది, గట్టు మీద మనిషి కనబడడు. ఎదురుగా కూర్చున్నవాడి చెవులు కనబడతాయి, మొహం కనబడదు. పడవ లైసెన్సు మళ్ళీ రాయించుకోవడానికి పోతే, కళ్ళ పరీక్షలో గోడ మీది సున్నాలు ఏ పక్క తెగి ఉన్నాయో చెప్పమన్నారు. ఇసాకు గంభీరంగా, ఒక్కచోటా తడుముకోకుండా, అన్నీ తప్పు చెప్పాడు. డాక్టరు తల దించుకుని కాగితం మీద ఏదో రాశాడు. ఏడాది తిరక్కుండా పడవ అమ్ముడుపోయింది.

ఇక మిగిలిందల్లా రబ్బరు పడవ. మూడు మీటర్ల లోపు పొడవు, రెండు గుర్రాల శక్తి లోపు ఇంజను ఉంటే, ఏ లైసెన్సూ అక్కర్లేదు, ఏ సున్నాలూ చదవక్కర్లేదు. ఊళ్ళనుంచి వచ్చే ఉద్యోగస్తులు ఆదివారం పూట మాసు అనే సాల్మన్ చేప కోసం అలాంటి వాటిలోనే తేలుతుంటారు. వాళ్ళని చూసి ఇసాకు ఒకప్పుడు "స్నానాలతొట్లలో సంసారాలు" అని నవ్వేవాడు. ఏప్రిల్లో, కొండల మీద మంచు ఇంకా మురిగ్గా మిగిలి ఉండగానే, ఆయనే వెళ్ళి పడవ ఇంజన్లమ్మే మిసావో కొట్లో నిలబడ్డాడు.

మిసావో ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు వలలు లాగిన మనిషి కూతురు. యాభై దాటింది. చేతులకి ఎప్పుడూ గ్రీజు, నోటికి ఎప్పుడూ వేళాకోళం.

"రెండు వందల యాభై గుర్రాలు తోలినోడివి, రెంటితో ఏం చేస్తావు సరంగు బాబాయ్?"

"మిగతావి మేతకెళ్ళాయి. వీటితోనే సర్దుకుంటా."

"గాలితో చల్లబడేది ఇదిగో. తేలిక, ఒంటిచేత్తో మోసుకుపోవచ్చు, కడిగే పని లేదు. నీ వయసుకి ఇదే మేలు."

"నా వయసు సంగతి నీకెందుకు? రెండూ ఆడించి చూపించు."

కొట్టు వెనక నీళ్ళ డ్రమ్ముకి ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, తాడు లాగి ఆడించింది. మొదటిది తగరపు డబ్బాలో బఠాణీలు పోసి ఆడించినట్టు గోల పెట్టింది. రెండోది, నీళ్ళతో చల్లబడేది, నాలుగు కిలోలు బరువెక్కువ. కానీ గొంతు తగ్గించి గొణుక్కుంటున్నట్టు ఆడింది. ఇసాకు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. దాని చప్పుడు వెనకనుంచి, పక్కగదిలో రేడియో వాతావరణం చదవడం మాట మాటా వినబడింది.

"ఇదే."

"బరువు గదా బాబాయ్."

"చప్పుడుకి చేపలు బెదురుతాయి."

"రష్యావాళ్ళకే బెదరని చేపలు నీవి," అంది మిసావో. కానీ ఇంకేం అడగలేదు. కళ్ళు చేయలేని పని చెవులతో చేయిద్దామనుకునే మనిషికి, రాళ్ళ మీద అల విరిగే చప్పుడు ఇంజను చప్పుడు కింద మునిగిపోకూడదు. అది ఆయన ఎవరితోనూ అనలేదు.

ఇంటి దగ్గర భార్య కియోనో మాత్రం ఊరుకోలేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఎక్కువ మాట్లాడింది లేదు, ఉత్తినే మాట్లాడింది అసలే లేదు.

"కొండ గాలి తగులుకుని సముద్రంలోకి తోస్తే రెండు గుర్రాలు వెనక్కి లాక్కురాలేవు. అది నీకు తెలుసు. పైగా నీకు కనబడదు."

"లైసెన్సు అడగని పడవే ఇది. కోస్టుగార్డుకి కూడా ఆపే హక్కు లేదు."

"కోస్టుగార్డు నీకు వండిపెట్టదు. నేను ఆపుతా."

ఇసాకు మిసో పులుసు గిన్నె ఎత్తి తాగి, కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, "ఈ గదిలో కూర్చుంటే నాకు గోడ కూడా సగమే కనబడుతుందే. నీళ్ళ మీదైతే చూడ్డానికి అంతగా ఏం ఉండదు. అక్కడ నేను గుడ్డివాణ్ణి కాను."

కియోనో గిన్నెలు కడగడం ఆపింది.

"సరే. నేను గట్టు చివర నిలబడతాను. నువ్వు రెండు వందల మీటర్లు పోయి ఇటు తిరుగు. నేను చెయ్యెత్తినప్పుడల్లా నువ్వూ ఎత్తు. మూడుసార్లు. చూసి ఎత్తావంటే ఇక ఈ జన్మకి వద్దనను."

"ఎత్తకపోతే?"

"అప్పుడు మాట్లాడుకుందాం."

మర్నాడు పొద్దున్నే, గాలి లేని పూట చూసి, మిసావో రేవులో పడవలు దించే జారు దగ్గరికి ఇంజను తెచ్చింది. ఇసాకు అప్పటికే పడవలో గాలి నింపి, వేలితో కొట్టి చూసుకుంటున్నాడు. బిగువుగా, పుచ్చకాయ కొట్టినట్టు మోగాలి. లేకపోతే పడవ నడుమ వంగి, ఇంజను తోసే బలమంతా రబ్బరే తినేస్తుంది. పడవ వెనక అమరం పలక మీద ఇంజనుని నట్టనడుమ కూర్చోబెట్టడానికి ఆయనకి కొలత కర్ర అక్కర్లేకపోయింది. రెండు చివరలనుంచీ జానలు వేసుకుంటూ వచ్చి రెండు బొటనవేళ్ళు కలిసినచోట పెట్టాడు. బిగింపు మరలు రెండూ చేత్తోనే బిగించాడు.

"పనిముట్టుతో బిగిస్తే పలక నలుగుతుంది," అన్నాడు. "ఊళ్ళోవాళ్ళు చేసే పని అది."

"నువ్వు చెప్పాలా నాకు?" అంది మిసావో. అయినా ఇంజనుకీ పడవకీ మధ్య కాపుతాడు కట్టి రెండుసార్లు లాగి చూసింది.

నీళ్ళలో తిరిగే పంకా పైనుండే రెక్క పడవ అడుగుకి రెండు వేళ్ళ కిందికి రావాలి. పైకుంటే పంకా గాలి మింగి ఉత్తినే తిరుగుతుంది, మరీ కిందికుంటే ఈడుస్తుంది. ఇసాకు పడవ కింద చెయ్యి పెట్టి తడిమి, పలక మీద సన్నటి చెక్కముక్క వేయించి, మళ్ళీ తడిమాడు. అమరంలో తనొక్కడే కూర్చుంటే అణియం గాల్లోకి లేస్తుందని, ముందువైపు ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా పెట్టించాడు. ఆ పనంతా చూస్తున్నవాళ్ళెవరికీ ఆయన కళ్ళ సంగతి గుర్తు రాదు. మిసావోకి కూడా ఆ కాసేపు గుర్తు రాలేదు.

కియోనో దళసరి కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని గట్టు వెంబడి నడిచి వెళ్ళింది.

మూడో లాగుకి ఇంజను అందుకుంది. మనిషి నీళ్ళలో పడితే ఇంజనుని ఆపే తాడు మణికట్టుకి చుట్టుకుని, ఇసాకు సగం జోరుమీద రేవు దాటాడు. కొత్త ఇంజనుని మొదట్లో అంతకుమించి తోలకూడదు. పది నిమిషాలకి ఆపి, సర్దుకున్న పలక మీద మరలు ఇంకో అరచుట్టు బిగించాడు. ఉప్పు వాసన, కింద నీటి ఊపు, ఎడమచెవికి రాళ్ళు, కుడిచెవికి ఖాళీ. రెండేళ్ళ తర్వాత ఒళ్ళు దాని చోటికది వచ్చి కూర్చుంది. రెండు వందల మీటర్లు పోయాక పడవని ఇటు తిప్పాడు.

గట్టు కనబడింది. దాని చివర ఉండాల్సినచోట మసక ఉంది. తల పక్కకి తిప్పి, చూపు అంచుతో పట్టుకోవాలని చూశాడు. బూడిదరంగు మీద బూడిదరంగు.

అయితేనేం. ఆవిడ సంగతి ఆయనకి తెలుసు. ముందు తలగుడ్డ సర్దుకుంటుంది, తర్వాతే ఏ పనైనా. ఇరవై లెక్కపెట్టి చెయ్యెత్తాడు. రెండోది వెంటనే ఎత్తుతుంది, ఎందుకంటే మొగుడి మోసం ఆవిడకి తెలుసు, తేరుకోనివ్వదు. ఐదు లెక్కపెట్టి ఎత్తాడు. మూడోదానికి విసిగిస్తుంది. అరవైదాకా ఆగి, తీరిగ్గా, పండగనాడు జెండా ఎత్తినట్టు ఎత్తాడు. పెద్ద చేప గాలానికి పడ్డప్పటి సంతోషం ఆయన మొహంలో.

ఒడ్డున మిసావో తాడందుకుంది. కియోనో గట్టు మీంచి నడిచి వచ్చేదాకా ఇసాకు పడవలోంచి దిగలేదు.

"మూడూ చూశా. మూడోదానికి కావాలనే ఆలస్యం చేసి నన్ను బోల్తా కొట్టిద్దామనుకున్నావు గదూ?"

"నేను జేబుల్లోంచి చేతులు తియ్యలేదు," అంది కియోనో.

ఇసాకు మిసావో వైపు తిరిగాడు. మిసావో తన చేతిలోని తాడు వైపే చూస్తోంది.

"అయితే గట్టు మీద ఇంకెవరో..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాడు.

"నువ్వు ఎత్తకుండా ఊరుకుంటావేమో అని చూశాను," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "ఒక్కసారైనా. వచ్చి, కనబడలేదే అని ఉంటే, రేపట్నించి ఆ నీళ్ళ డబ్బా తీసేసి అక్కడ నేనే కూర్చునేదాన్ని. నీకు నా కళ్ళు పెట్టేదాన్ని."

"ఇప్పుడు కూర్చో."

"ఎలా కూర్చోను? అక్కడ నువ్వు చూశానంటే నేను నమ్మాలి. లేకపోతే ఇద్దరం పోతాం."

చూడని రేవు దీపాన్ని చూశానన్న మనిషిని ఇసాకు ఏనాడూ రెండో రోజు పడవెక్కనివ్వలేదు. ముగ్గురిని అలా దింపేశాడు. ఒకడు ఏడ్చి కాళ్ళు పట్టుకున్నా వినలేదు.

బిగింపు మరలు ఆయనే విప్పాడు. ఎడమది, తర్వాత కుడిది, తర్వాత కాపుతాడు ముడి. ఇంజనుని గుండెలకి ఆనించుకుని మిసావో కొట్టుదాకా తనే మోశాడు, ఎవర్నీ పట్టనివ్వలేదు. ఉప్పునీళ్ళు కడగడానికి డ్రమ్ముకి తగిలించి, తాడు లాగాడు. మళ్ళీ అదే గొణుగుడు.

మిసావో అడిగింది. "ఉత్తినే కడిగి ఆపేద్దామా, సరంగు బాబాయ్? లేకపోతే పెట్రోలు కట్టేసి, లోపలున్నదంతా అయిపోయేదాకా ఆడనిద్దామా?"

రేపు మళ్ళీ పడవకి పెట్టేదైతే మొదటిది. చాలాకాలం మూల పెట్టేదైతే రెండోది. కియోనో కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది. ఇసాకు అటు తిరిగాడు. ఆవిడ చెవులు కనబడ్డాయి, తలగుడ్డ అంచు కనబడింది.

"కట్టెయ్యి," అన్నాడు.

మిసావో పెట్రోలు మీట తిప్పింది. ముగ్గురూ నిలబడి విన్నారు. రెండు నిమిషాలు ఏ తేడా లేకుండా ఆడింది. తర్వాత తడబడి, తేరుకుని, ఒక్కసారి గొంతు పెంచింది. ఇసాకు దాని మూత మీద చెయ్యి వేశాడు. ఇంజను ఆగిపోయింది. డ్రమ్ములో నీళ్ళు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.